ఇంగ్లీషు స్వయంబోధిని – 9వ భాగం: రొద, సందడి, రభస

ముందుగా పోయిన భాగంలో అడిగిన రెండు ప్రశ్నలకు జవాబులు. ఎండుటాకుల సవ్వడికి రసల్, చెవిలో చెప్పే మాటకు విస్పర్. రెండోదానికి మర్మర్ అని రాసినవాళ్ళు ఆ భాగం ఇంకోసారి చూడండి. మర్మర్‌లో గొంతు వినిపిస్తుంది, విస్పర్‌లో గాలి మాత్రమే.

ఈసారి గట్టి చప్పుళ్ళ సంగతి. డిన్, ర్యాకెట్, హబ్బబ్, కమోషన్, అప్‌రోర్, క్లామర్ అనే మాటలకు నిఘంటువు తెరిస్తే దాదాపు అన్నిటికీ గోల, అల్లరి అనే కనిపిస్తుంది. ఆ అర్థం బట్టీ పట్టి వదిలేస్తే వీటిలో ఒక్కటీ నోటికి రాదు. కానీ తెలుగులో మనం ఎప్పుడూ తడబడం. మెషీన్లది రొద, నలుగురూ చేరి మాట్లాడుకుంటుంటే సందడి, మాటామాటా పెరిగితే రభస. ఎవరూ నేర్పకుండానే ఈ తేడా మనకు తెలుసు. ఇంగ్లీషు మాటల్ని కూడా ఆ తేడాతోనే పట్టుకుందాం.

సౌండ్, నాయిస్ మీకు తెలిసినవే. వినిపించేది ఏదైనా సౌండ్. వినడానికి ఇబ్బందిగా ఉంటే ఎక్కువగా నాయిస్ అంటారు. ఇంతకంటే ఇక్కడ ఆగక్కర్లేదు.

ఆగకుండా చెవుల్లో హోరెత్తే రొద డిన్. మాట చిన్నదే గానీ చాలా పనికొస్తుంది. దీని ముందు తరచుగా అబవ్ లేదా ఓవర్ వస్తుంది: ఐ కుడ్‌న్ట్ హియర్ హర్ అబవ్ ది డిన్. ఆ రొదలో ఆమె మాట నాకు వినపడలేదు అని. ఇక్కడ తెలుగు 'లో'ని చూసి ఇన్ పెట్టాలనిపిస్తుంది. అబవ్ అని అలవాటు చేసుకోండి, వాక్యం సహజంగా ఉంటుంది.

ర్యాకెట్ కూడా రొదే, కానీ ఇందులో విసుగు ఉంది. పై అంతస్తులో ఎవరో కుర్చీలు ఈడుస్తుంటే ఒళ్ళు మండి అనే మాట: స్టాప్ మేకింగ్ దట్ ర్యాకెట్! టెన్నిస్ ఆడే ర్యాకెట్, అక్రమ దందా అనే అర్థంలో వాడే ర్యాకెట్ కూడా ఇలాగే పలుకుతాయి. ఏది ఏదో చుట్టూ ఉన్న మాటలే చెబుతాయి. ఆకాశంలోకి వెళ్ళే రాకెట్ మాత్రం వేరు, దాని మొదటి అక్షరంలో 'ఆ'కు దగ్గరి ధ్వని ఉంటుంది. తెలుగులో రెండింటినీ ఒకేలా రాసే అలవాటు వల్ల పలకడంలో పొరపాటు పడుతుంటాం.

హబ్బబ్‌లో సాధారణంగా కోపం ఉండదు. చాలామంది ఒకేసారి మాట్లాడుతుంటే ఎవరి మాటా విడిగా వినపడని సందడి అది. ది హబ్బబ్ ఆఫ్ వాయిసెస్ అనే మాటల జత గుర్తుంచుకోండి.

ఇక్కడి నుంచి జాగ్రత్తగా చదవండి. కమోషన్ చెవికి ఎంత సంబంధించిందో కంటికీ అంత సంబంధించింది. మాటలోనే మోషన్ ఉంది చూడండి. ఉన్నట్టుండి జనం కదలడం, పరుగులు, అరుపులు, అన్నీ కలిసిన కలకలం అది. దేర్ వాజ్ ఎ కమోషన్ ఎట్ ది గేట్ అంటే గేటు దగ్గర ఏదో జరిగిందని అర్థం, ఉత్త శబ్దం వచ్చిందని కాదు. ఫ్యాన్ చేసే రొదను కమోషన్ అనకూడదు.

అప్‌రోర్‌లో మాత్రం చాలాసార్లు కోపం ఉంటుంది, నిరసన ఉంటుంది. లోపల రోర్ కనిపిస్తోంది కదా అని సింహగర్జనతో ముడిపెట్టకండి. ఇది డచ్చి భాష వైపు నుంచి వచ్చిన మాట, అక్కడ దాని అర్థం తిరుగుబాటు. ఆ తిరుగుబాటు వాసన ఇప్పటికీ పోలేదు. ది డిసిషన్ కాజ్డ్ యాన్ అప్‌రోర్ అంటే ఆ నిర్ణయం మీద పెద్ద రభస జరిగిందని. ది మీటింగ్ ఎండెడ్ ఇన్ అప్‌రోర్ అన్నప్పుడు యాన్ లేకపోవడం గమనించారా? బ్రిటిష్ వాడుకలో ఇన్ అప్‌రోర్, అమెరికన్ వాడుకలో ఎక్కువగా ఇన్ యాన్ అప్‌రోర్. రెండూ సరైనవే, ఒకదాన్ని ఎంచుకుని దానికే కట్టుబడండి.

క్లామర్ వెనక ఒక డిమాండ్ ఉంటుంది. అందుకే దాని వెంట ఫర్ వస్తుంది: పీపుల్ ఆర్ క్లామరింగ్ ఫర్ చేంజ్. మార్పు కావాలని జనం గొంతెత్తి అడుగుతున్నారు. హ్యూ అండ్ క్రై దీనికి చుట్టం. ఇందులో హ్యూ అంటే రంగు కాదు, పాత ఫ్రెంచిలో అరుపు. ఇంగ్లండులో దొంగను చూసినవాడు కేక పెడితే ఊరి జనమంతా వెంటపడి పట్టుకోవాలని ఒకప్పుడు చట్టమే ఉండేది. 1285 నాటి వించెస్టర్ శాసనంలో ఆ నియమం ఉంది. ఇప్పుడు రెయిజ్ ఎ హ్యూ అండ్ క్రై అంటే ఏదో అన్యాయం జరిగిందని అందరూ గగ్గోలు పెట్టడం.

ఇక మిగిలినవి పాండెమోనియమ్, బెడ్లమ్. అదుపు పూర్తిగా తప్పిన గందరగోళానికి ఈ మాటలు. రెండూ ఒకప్పుడు పేర్లే. మిల్టన్ 1667లో ప్రచురించిన ప్యారడైజ్ లాస్ట్ కావ్యంలో నరకపు రాజధానికి పాండెమోనియమ్ అని పేరు పెట్టాడు. గ్రీకులో పాన్ అంటే సమస్తం, మిగతా భాగంలో ఉన్నది డీమన్. లండన్‌లో 1247లో బెత్లెహెమ్ పేరుతో వెలసిన ఒక మఠం తర్వాతి కాలంలో మానసిక రోగుల ఆసుపత్రిగా మారింది. జనం నోట ఆ బెత్లెహెమ్ బెడ్లమ్ అయింది. రోగుల అవస్థలోంచి పుట్టిన మాట కాబట్టి ఆసుపత్రుల గురించి, రోగుల గురించి రాసేటప్పుడు దీన్ని వాడకపోవడమే మర్యాద. ఈ రెండింటికీ ముందు సాధారణంగా ఎ పెట్టరు. ఊరి పేరుకు పెట్టనట్టే అనుకుంటే మరిచిపోరు: ఇట్ వాజ్ బెడ్లమ్. పాండెమోనియమ్ బ్రోక్ అవుట్.

ఇప్పుడు మీ పని. కింది వాక్యాల్ని ఇంగ్లీషులో రాయండి, ప్రతిదానికీ ఈ పాఠంలోని ఒక మాట వాడాలి. డ్రిల్లింగ్ మెషీన్ల మోతలో ఫోన్ మోగడం నాకు వినపడలేదు. ఉద్యోగులు జీతాలు పెంచమని గట్టిగా అడుగుతున్నారు. వీధిలో ఏదో జరుగుతోందని అందరూ కిటికీల దగ్గరికి పరుగెత్తారు. కొత్త నిబంధన చదవగానే సభ అట్టుడికిపోయింది. నాటకం మొదలయ్యేదాకా హాలంతా మాటలే మాటలు. చివరిదానికి రెండు మాటలు సరిపోతాయనిపించవచ్చు. ఆ హాల్లో కూర్చున్నవాళ్ళకు విసుగుగా ఉందా లేదా అని ఆలోచించి రాయండి. జవాబులు పదో భాగంలో.