సెల్లారులో నిలిచిన వరద నీరు: సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

శ్రీకాకుళం పట్టణంలో నాగావళి ఒడ్డు వీధుల్లోనైనా, పల్లంలో ఉన్న కాలనీల్లోనైనా, సెల్లారులోకి నీరు చేరిందనగానే అందరూ మోటారు కోసం పరుగెత్తుతారు. నా దృష్టిలో మోటారు మూడో పని. కరెంటు సంగతి మొదట తేలాలి, నీరు ఎటునుంచి వచ్చిందన్నది తరువాత తేలాలి. ఆ రెండూ తేలకుండా తోడితే తెల్లారేసరికి నీరు మళ్లీ చేరవచ్చు, గచ్చుకు కూడా ముప్పు రావచ్చు.

సమస్య: సెల్లారు మునిగింది, పైన దీపాలు వెలుగుతూనే ఉన్నాయి

మీటర్లు, లిఫ్టు ప్యానెల్, మోటారు స్టార్టరు చాలా భవనాల్లో సెల్లారులోనే ఉంటాయి కాబట్టి ఆ నీటిలో విద్యుత్తు ఉందనే భావించాలి. మెయిన్ స్విచ్ పొడి నేల మీద నిలబడి అందుకోగలిగితేనే ఆపాలి. లేకపోతే నీటిలో అడుగు పెట్టకుండా కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కు ఫోన్ చేసి సరఫరా నిలిపివేయమని కోరాలి. కరెంటు పోయింది కదా అని దిగడం కూడా ప్రమాదమే. తుపాను తరువాత సరఫరా ఏ క్షణంలో పునరుద్ధరిస్తారో ముందుగా తెలియదు, పైగా ఇన్వర్టరు గానీ పక్కవారి జనరేటరు గానీ అదే వైరింగుకు కలిసి ఉండవచ్చు. నీరు ఇంకా ర్యాంపు దగ్గరే ఉన్నప్పుడైతే, లిఫ్టును పై అంతస్తుకు పంపి, దాని సరఫరా ఆపేయడం మంచిది.

సమస్య: వాన వెలిసింది, అయినా మట్టం తగ్గడం లేదు, లేదా పెరుగుతోంది

దీనికి మూడు కారణాలు ఉండవచ్చు. బురద రంగు నీరు ర్యాంపు మీదుగా దిగితే అది రోడ్డు నీరు. నల్లగా, దుర్వాసనతో, నేల మీది జాలీ నుంచి పొంగుతుంటే అది మురుగు కాలువ ఎదురు తన్నడం. గచ్చు పగుళ్ల నుంచి, గోడ అడుగు అతుకుల నుంచి కాస్త తేటగా ఊరుతుంటే అది భూగర్భ జలం.

ఈ మూడోది నది ఒడ్డు వారిని ఎక్కువగా మోసం చేస్తుంది. నాగావళి ఒడిశా కొండల్లో పుట్టి వస్తుంది కనుక అక్కడ కురిసిన వాన ఇక్కడికి ఆలస్యంగా చేరుతుంది. శ్రీకాకుళంలో ఎండ కాస్తున్నా నదిలో మట్టం పెరుగుతూ ఉండవచ్చు, ఒడ్డున ఇసుక పొరలు ఉన్నచోట ఆ నీరు నేలలోకి పాకుతుంది. అటువంటప్పుడు సెల్లారును ఒక్కసారిగా ఖాళీ చేయకూడదు. బయటి నేలలోని నీరు లోపలి మట్టం కంటే ఒక మీటరు ఎత్తులో ఉంటే, గచ్చు మీద ప్రతి చదరపు మీటరుకూ దాదాపు ఒక టన్ను ఒత్తిడి కింది నుంచి పడుతుంది, లోపల నిలిచిన నీరే ఆ ఒత్తిడికి ఎదురు నిలుస్తుంది. దానిని పూర్తిగా తోడేస్తే గచ్చు పైకి లేచి పగలవచ్చు, గోడ లోపలికి ఉబ్బవచ్చు. అందుచేత ఒక అడుగు మేర తోడి, స్తంభం మీద సుద్దముక్కతో గీత గీసి, మరునాటి వరకు ఆగాలి. నీరు గీత దాటి పైకి వస్తే ఇంకా తోడే సమయం రాలేదని అర్థం. గీత దగ్గరే నిలిస్తే మరో అడుగు తోడవచ్చు.

మురుగు ఎదురు తన్నుతుంటే జాలీ మీద ఇసుక బస్తా వేసి బిగించాలి, పై అంతస్తుల వారు నీటి వాడకం తగ్గించాలి. వారు వదిలిన నీరే కింద పొంగుతుందని నచ్చజెప్పడం, బస్తా మోయడం కంటే కష్టమైన పని. తరువాత ఆ గొట్టానికి, నీటిని బయటికే పోనిచ్చి వెనక్కి రానివ్వని నాన్ రిటర్న్ వాల్వు పెట్టించాలి. రోడ్డు నీటికి శాశ్వత పరిష్కారం ర్యాంపు మొదట్లో ఎత్తైన గట్టు కట్టడమే. రోడ్డు మళ్లీ వేసిన ప్రతిసారీ దాని ఎత్తు పెరుగుతుంటుంది కనుక పాత గట్టు సరిపోతుందో లేదో చూసుకోవాలి.

సమస్య: మోటారు తిరుగుతోంది, నీరు రావడం లేదు

ఇళ్లలో వాడే మోనోబ్లాక్ మోటారు తేట నీటి కోసం చేసినది. నీటిలో ఉండే గొట్టం చివరి ఫుట్ వాల్వులో ఆకులు, పాలిథిన్ సంచులు ఇరుక్కోవడం, గొట్టం అతుకుల్లో గాలి దూరడం సాధారణ కారణాలు. ఫుట్ వాల్వును వెదురు గంపలో పెట్టి, గంపను రెండు ఇటుకల మీద నిలిపితే చెత్త బయటే ఆగుతుంది. ఆ తరువాత మోటారును మళ్లీ నీటితో నింపి నడపాలి. బురద చిక్కగా ఉంటే మడ్ పంపు అద్దెకు తెచ్చుకోవడమే మేలు. డీజిల్ ఇంజను మాత్రం రోడ్డు మీదే ఉండాలి, సెల్లారులోకి దించకూడదు. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడు వాసన లేకుండానే ప్రాణం తీస్తుంది.

సమస్య: నీరు పోయింది, బురద, వాసన మిగిలాయి

చివరి రెండు మూడు అంగుళాల నీరు ఉండగానే బురదను కలియదోసి దానితో పాటు బయటికి పంపాలి. ఎండితే పారకు కూడా లొంగదు. మూలల్లో చేయి పెట్టే ముందు కర్రతో కదపాలి, ఎందుకంటే కట్లపాము, రక్తపింజర వంటివి వరదకు పొడి చోటు వెతుక్కుంటాయి. గమ్ బూట్లు, చేతి తొడుగులు తప్పనిసరి. ఎలుకల మూత్రం కలిసిన నీటి వల్ల వచ్చే లెప్టోస్పైరోసిస్ నెల రోజుల లోపు ఎప్పుడైనా బయటపడవచ్చు కాబట్టి, జ్వరం వస్తే వరద నీటిలో పనిచేసిన సంగతి డాక్టరుకు చెప్పాలి.

కడిగిన గచ్చుకు, పది లీటర్ల బకెట్టు నీటికి సుమారు 165 గ్రాముల బ్లీచింగ్ పౌడరు కలిపి, తేరిన నీటిని పోయాలి. ఈ లెక్క 30 శాతం క్లోరిన్ ఉన్న తాజా పౌడరుకు. దీనితో బాత్రూము యాసిడ్ కలిపితే విషవాయువు పుడుతుంది.

సమస్య: కుళాయి నీరు మట్టి వాసన వేస్తోంది

వరద నీరు సంపులోకి దిగి ఉంటుంది. దానిని ఖాళీ చేసి, గోడలు రుద్ది కడిగి, మంచి నీటితో నింపి, వెయ్యి లీటర్లకు అదే 165 గ్రాముల పౌడరును కరిగించి తేరిన నీటిని కలిపి, రాత్రంతా ఉంచి, ఆ నీటిని పారబోసిన తరువాతే వాడకానికి నింపుకోవాలి.

సమస్య: వేసిన రంగు పొక్కులు లేస్తోంది, గోడ మీద తెల్లటి పొడి

గోడ లోపలి తడి బయటికి వస్తూ లవణాలను మోసుకొస్తుంది. పొడిని పొడి బ్రష్షుతో దులపాలి, కడిగితే మళ్లీ ఇంకుతుంది. ఆరిందో లేదో తెలియాలంటే రెండడుగుల పాలిథిన్ ముక్కను నాలుగు అంచులా టేపుతో గోడకు అతికించి ఒక రోజు ఉంచాలి. లోపలి వైపు చెమ్మ పడితే గోడ ఇంకా తడిగానే ఉంది. అక్టోబరు, నవంబరు నెలల్లో మన వైపు గాలిలో తేమ ఎక్కువ కనుక ఫ్యాన్లు పెట్టినా వారాలు పట్టవచ్చు. ఆ ముక్క వెనుక పొడిగా ఉండే వరకు పెయింటరును పిలవనక్కరలేదు.