తోతాపురి దిగేలోపు నాస్‌లో చోటు సరిచూసుకోండి

జూన్‌లో తోతాపురి మామిడి కోతలు ఊపందుకుంటే చిత్తూరు, బంగారుపాళ్యం, దామలచెరువు వైపు గుజ్జు ఫ్యాక్టరీల్లో, కాయలు కొనే ర్యాంపుల్లో కాటాకు తీరిక ఉండదు. లోడుకో తూకం చీటీ, బండి ఫోటోలు ఆఫీసు నాస్‌లో (అన్ని పీసీలూ నెట్‌వర్క్ మీద వాడుకునే డిస్కుల పెట్టెలో) పడుతూనే ఉంటాయి. మధ్యలో చోటు అయిపోతే చీటీ ఫైలు పేరు మాత్రం కనిపిస్తుంది, లోపల 0 బైట్లు. రైతుకు లెక్క కట్టాల్సింది ఆ చీటీ చూసే. అందుకే ఈ పని మే నెలలోనే ముగించాలి.

మొదట డిస్కు సైజు సంగతి. నాలుగు 4 టీబీ డిస్కులతో రెయిడ్ 5 (ఒక డిస్కు చెడినా డేటా పోకుండా కలిపే పద్ధతి) పెడితే ఒక డిస్కంత చోటు పారిటీకి, అంటే చెడిన డిస్కు డేటాను తిరిగి కట్టే లెక్కకు, పోతుంది. మిగిలిన 12 టీబీ విండోస్‌లో 10.9గా కనిపిస్తుంది. డిస్కు కంపెనీ 1000తో లెక్కేస్తుంది, విండోస్ 1024తో. చోటు ఎక్కడికీ పోలేదు.

ఇక ఒక లోడు తీసుకుందాం: చీటీ 38 కేబీ, రెండు ఫోటోలు ఒక్కోటి 210 కేబీ, మొత్తం 458. నాస్ 4 కేబీ బ్లాకుల్లో రాస్తే 464 కేబీ పడుతుంది, తేడా నామమాత్రమే. కానీ నాస్‌లో సాంబా (విండోస్ పీసీలకు ఫైళ్లు అందించే సాఫ్ట్‌వేర్) పాత వెర్షన్ ఉంటే, విండోస్ ప్రాపర్టీస్‌లోని ‘సైజ్ ఆన్ డిస్క్’ ప్రతి చిన్న ఫైలునూ 1 ఎంబీగా చూపించవచ్చు. రోజుకు 300 లోడ్లు, 45 రోజులు అనుకుంటే అసలు డేటా 5.9 జీబీ, తెర మీద కనిపించేది 39.6 జీబీ. ఆ అంకె చూసి కంగారుపడి పాత చీటీలు తీసేయకండి. అది సర్వర్ చెప్పిన ఉత్త రౌండింగ్, డిస్కులో నిజంగా నిండింది కాదు.

నిజంగా చోటు తినేది కెమెరాలు. 4 ఎంబీపీఎస్ కెమెరా ఒకటి రోజుకు 43 జీబీ రాస్తుంది. ఎనిమిది కెమెరాలు, 30 రోజులు అంటే విండోస్ లెక్కలో 9.4 టీబీ. 10.9లో పట్టేసినట్టే ఉంది కదా! అదే ఫోల్డరుకు 7 రోజుల స్నాప్‌షాట్లు (ఫోల్డరు ఒక సమయంలో ఎలా ఉందో అలాగే నాస్ దాచిపెట్టే నకళ్లు) ఆన్‌లో ఉన్నాయనుకోండి. పాత రికార్డింగు తొలగినా స్నాప్‌షాట్ దాన్ని మరో వారం పట్టుకునే ఉంటుంది. అదనంగా 2.2 టీబీ, మొత్తం 11.6. ఫోల్డరు సైజు చూస్తే 9.4 అనే ఉంటుంది, డిస్కు మాత్రం నిండిపోతుంది. కెమెరా ఫోల్డరుకు స్నాప్‌షాట్లు ఆపేయండి, నిల్వ 25 రోజులకు కుదించండి: 7.9 టీబీతో సరిపోతుంది. చీటీల ఫోల్డరుకు మాత్రం స్నాప్‌షాట్లు తప్పకుండా ఉంచండి.

నెట్‌వర్క్ డ్రైవులో డిలీట్ చేసింది మీ పీసీ రీసైకిల్ బిన్‌కు రాదు. సైనాలజీ, క్యూనాప్ పెట్టెల్లో ఆ సౌకర్యం ఆన్‌లో ఉంటే నాస్‌లోనే రీసైకిల్ ఫోల్డరులో పడి ఉంటుంది. సీజన్ ముందు అడ్మిన్‌గా లాగిన్ అయి దాన్ని ఖాళీ చేయండి.

నమ్మాల్సిన అంకె ఒక్కటే: నాస్ స్టోరేజ్ పేజీలో వాల్యూమ్‌కు చూపే ఖాళీ. లినక్స్ వాడేవాళ్లు డీఎఫ్ (df) కమాండు చూడాలి. డీయూ (du) కమాండు ఇచ్చేది ఫోల్డరు లెక్కే, స్నాప్‌షాట్ల సంగతి అందులో రాకపోవచ్చు. 80 శాతం దాటితే హెచ్చరిక మెయిలు వచ్చేలా పెట్టండి. పూర్తిగా నిండనివ్వొద్దు: నాస్‌లు వాడే బీటీఆర్ఎఫ్ఎస్, జెడ్ఎఫ్ఎస్ ఫైల్ సిస్టమ్‌లలో డిలీట్ చేయడానికి కూడా కొంత ఖాళీ కావాలి. నిండితే ముందు అన్నిటికంటే పాత స్నాప్‌షాట్ తీయండి. చోటు వెంటనే కనిపించకపోతే ఆగండి, వెనకాల శుభ్రం జరుగుతూ ఉంటుంది.

చీటీలను బయటి డిస్కుకు కాపీ చేసేటప్పుడు మరో తేడా ఉంది. 32 జీబీ దాటిన డిస్కును విండోస్‌లో ఎక్స్‌ఫ్యాట్ (exFAT)గా ఫార్మాట్ చేస్తే క్లస్టర్, అంటే ఫైలుకు ఇచ్చే కనీస చోటు, సాధారణంగా 128 కేబీ. 38 కేబీ చీటీకి కూడా 128 కేబీ పడుతుంది, పై 5.9 జీబీ కాస్తా 8.2 అవుతుంది. ఎన్‌టీఎఫ్ఎస్ (NTFS) ఫార్మాట్ అయితే ఈ వృథా ఉండదు. కాపీ సరిగా అయిందో లేదో చూడటానికి ‘సైజ్ ఆన్ డిస్క్’ పోల్చకండి. రెండు వైపులా ఫైళ్ల సంఖ్య, ‘సైజ్’ పక్కన ఉండే పూర్తి బైట్ల అంకె ఒకటే ఉండాలి. తర్వాత బయటి డిస్కు నుంచే ఓ పది చీటీలు తెరిచి, బండి నంబరు, తూకం కనిపిస్తున్నాయో చూడండి.