ఇంట్లో స్క్రీన్ ప్రింటింగ్ – 3వ భాగం: మెష్ లాగే చట్రం మనమే చేసుకుందాం

పోయిన భాగంలో చెక్క ఫ్రేము తయారైంది కదా, ఇప్పుడు దానికి మెష్, అంటే రంగు దిగే సన్నటి పాలిస్టర్ వల గుడ్డ, ఎక్కించాలి, అసలు పనంతా ఇక్కడే ఉంది. చాలామంది చేత్తో లాగి పిన్నులు కొట్టేస్తారు, ఒక్క రంగులో పెద్ద అక్షరాలకైతే నడిచిపోద్ది గానీ శుభలేఖ మీద రెండు రంగులు వేయాలంటే కుదరదు. మెష్ వదులుగా ఉంటే స్క్వీజీతో (రంగుని లాగే రబ్బరు పట్టీ) పాటే జరుగుతుంది, కాయితం మీంచి టక్కున లేవదు, అంచులు అలుక్కుపోతాయి, రెండో రంగు పక్కకి పోతుంది.

పిన్ను కొట్టిన చోట బిగువు, పక్కనే వదులు, అదీ ఇబ్బంది. అందుకే ఒక వైపంతా ఒకేసారి లాగేది కావాలి.

ఫ్రేము కన్నా నాలుగు వైపులా 8 అంగుళాలు పెద్దగా గట్టి చెక్కతో బయటి చట్రం కొట్టండి. ఒక్కో వైపుకి ఫ్రేము పక్కంత పొడవున్న బద్దలు రెండు, వాటి మధ్య పాత సైకిల్ ట్యూబు ముక్క వేసి మెష్ అంచు పెట్టి స్క్రూలు బిగించండి, ట్యూబు లేకపోతే మెష్ జారిపోతుంది. ఇక లాగడానికి రేకుల కప్పుకి వాడే జె బోల్టులు, ఏ హార్డ్‌వేర్ షాపులోనైనా ఉంటాయి. వంకీ బద్ద చిల్లులోకి, మర ఉన్న కొస చట్రం చిల్లులోంచి బయటికి, వాషరు, నట్టు. వైపుకి కనీసం మూడు పెట్టండి, రెండే పెడితే బద్ద మధ్యలో వంగుతుంది. మూలల్లో మాత్రం బద్దలు ఒకదానికొకటి తగలకూడదు, అక్కడే మెష్ చిరిగేది.

బిగించే ముందు మెష్ మీద పెన్నుతో నిలువు ఒకటి, అడ్డం ఒకటి 50 సెం.మీ. గీతలు గీయండి. పానాతో ఒక్కో నట్టు అర చుట్టు, వెంటనే ఎదురు వైపు అర చుట్టు, అలా తిరుగుతూ పోండి. రెండు గీతలూ సమానంగా సాగాలి, పోగులు వంకర పోకూడదు. పావుగంట వదిలేసి వేలితో నొక్కి చూడండి, పాలిస్టర్ కాస్త సడలి ఉంటుంది, మళ్లీ బిగించండి, తొందరపడి ఈ రెండోసారి మానేయొద్దు.

ఇప్పుడు ఫ్రేముని కిందనుంచి పెట్టి చెక్క చీలికలతో మెష్‌కి ఆనేదాకా లేపండి, పైనుంచి రెండు ట్యూబుల్లో వచ్చేవి కలిపి వాడే ఎపాక్సీ గమ్ము పోగుల్లోంచి దిగేలా రాయండి. రబ్బరు గమ్ము వద్దు, థిన్నర్‌తో కడిగితే వదిలేస్తుంది. రాత్రంతా కదపకుండా ఉంచి, పొద్దున నట్లు వదులు చేశాకే చుట్టూ కోయండి.