కోఠీ ట్రాన్స్‌ఫార్మర్‌ని అమెరికా కరెంటుకి కలిపే ముందు

హైదరాబాద్ కోఠీలో, గుజరాతీ గల్లీలో కొన్న 12-0-12 (నడిమి తీగకి అటూ ఇటూ 12 వోల్టులు ఇచ్చే) ట్రాన్స్‌ఫార్మర్‌ని బట్టల మధ్య చుట్టి నేను అమెరికా తెచ్చుకున్నాను. మీలోనూ చాలామంది ఆంప్లిఫయర్ కిట్టు, కాస్త సోల్డరు సూట్‌కేసులో పెట్టుకునే దిగి ఉంటారు. కొత్త ఊళ్లో, ఎవరూ తెలియని రోజుల్లో, మన చేత్తో కట్టిన సెట్‌లో పాట వింటే ఎంత ధైర్యంగా ఉంటుందో నాకు తెలుసు. అందుకే దాన్ని ఇక్కడి కరెంటుకి కలిపే ముందు ఈ నాలుగు మాటలూ చదవండి.

మన దగ్గర 230 వోల్టులు, 50 హెర్ట్జ్. ఇక్కడ 120 వోల్టులు, 60 హెర్ట్జ్. ప్లగ్ మార్చినంత మాత్రాన సరిపోదు. 230కి చుట్టిన ట్రాన్స్‌ఫార్మర్‌కి 120 ఇస్తే కాలిపోదు గానీ, 12 రావలసిన చోట 6 చిల్లర వస్తుంది. ఇక్కడ కొన్న 120 వోల్టులదాన్ని ఇండియా తీసుకెళ్లి పెడితే మాత్రం ఫ్యూజు పోతుంది, ఫ్యూజు లేకపోతే ట్రాన్స్‌ఫార్మరే పోతుంది. కొత్తది కొనేవాళ్లు ప్రైమరీలో, అంటే మెయిన్స్ కరెంటు కలిపే వైపు, 115 వోల్టుల చుట్లు రెండు ఉన్నది తీసుకోండి. ఇక్కడ వాటిని పారలల్‌లో, అక్కడికి వెళ్తే సిరీస్‌లో కలుపుకోవచ్చు. పారలల్‌లో మొదళ్లు రెండూ ఒకచోట, చివర్లు రెండూ ఒకచోట కలవాలి. తారుమారైతే షార్టే. వోల్టేజ్ సగమైతే కరెంటు రెట్టింపు కాబట్టి, అక్కడ ప్రైమరీకి 1 ఆంపియర్ ఫ్యూజు సరిపోయిన కిట్టుకి ఇక్కడ 2 ఆంపియర్లది, స్లో బ్లో రకం (ఆన్ చేసిన క్షణపు ఉరవడికి పోకుండా ఆగేది), కావాలి.

నాకు అన్నిటికన్నా భయం రంగుల దగ్గర. మన ఇళ్ల వైరింగ్‌లో నలుపంటే న్యూట్రల్. ఇక్కడ గోడలో నలుపే ఫేజ్! తెలుపు న్యూట్రల్, ఆకుపచ్చ గానీ తొడుగు లేని రాగి తీగ గానీ గ్రౌండ్. చిన్నప్పటి నుంచీ అలవాటైన చెయ్యి కాబట్టి, నేను మొదటి సెట్‌లో నల్ల తీగని నేరుగా ట్రాన్స్‌ఫార్మర్‌కి ఇచ్చి, స్విచ్చూ ఫ్యూజూ తెల్లదానికి పెట్టాను. పాట బాగానే వచ్చింది. స్విచ్ ఆపి, ట్రాన్స్‌ఫార్మర్ కాలికీ డబ్బాకీ మధ్య మల్టీమీటర్ పెడితే 120 చూపించింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇక్కడి సాకెట్లకి మనలా పక్కన స్విచ్ ఉండదు కూడా. డబ్బా విప్పాలంటే ప్లగ్ పీకి, కెపాసిటర్లలో వోల్టేజ్ దిగిందో లేదో చూసి, అప్పుడే చెయ్యి పెట్టండి.

ఇక ఆకుపచ్చ తీగ. ఇనప డబ్బాలో దీనికంటూ ప్రత్యేకంగా ఒక బోల్టు ఉండాలి, వేరే ఏదీ బిగించే బోల్టు కాకూడదు. ఆ చోట పెయింట్‌ని ఇనుము మెరిసేదాకా గీకండి. తీగ కొసకి రింగ్ లగ్ వేసి, పళ్లున్న వాషర్ పెట్టి బిగించండి. ఈ తీగని మిగతా రెండిటికన్నా పొడుగ్గా వదలండి. ఎవరైనా పవర్ కార్డుని గట్టిగా లాగితే అన్నిటికన్నా చివర తెగేది అదే కావాలి. తర్వాత ప్లగ్‌లోని గుండ్రటి పిన్నుకీ డబ్బాకీ మధ్య రెసిస్టెన్స్ చూస్తే సున్నా దగ్గర ఉండాలి.

స్పీకర్‌లో హమ్ (ఆగని మోత) వస్తోందని ఆ పిన్ను విరగ్గొట్టేవాళ్లనీ, రెండు కాళ్ల అడాప్టర్ తగిలించేవాళ్లనీ చూశాను. దయచేసి ఆ పని చెయ్యకండి. లోపల ఇన్సులేషన్ దెబ్బతిన్న రోజున డబ్బా అంతా ఫేజ్ అవుతుంది. హమ్‌కి కారణం వేరే చోట ఉంటుంది, చెవితోనే కొంత పట్టుకోవచ్చు. లోతుగా 'మ్మ్' అని వచ్చేది 60 హెర్ట్జ్, అది ఎక్కువగా గ్రౌండ్ లూప్, అంటే గ్రౌండ్ రెండు దారుల్లో కలవడం. కాస్త గరగరగా వచ్చేది 120, అంటే పవర్ సప్లయ్‌ని చూడాలి. టీవీకి ఆంప్ కలిపితేనే హమ్ వస్తుంటే, టీవీ వెనక కేబుల్ కనెక్షన్ ఒక నిమిషం విప్పి చూడండి. రెండో గ్రౌండ్ చాలాసార్లు అక్కడి నుంచే వస్తుంది.

సప్లయ్ సంగతికొస్తే, ఏసీని డీసీ చేసే రెక్టిఫయర్ నుంచి కెపాసిటర్‌కి కరెంటు ధారగా రాదు, సెకనుకి 120 సార్లు గుక్కలు గుక్కలుగా వస్తుంది. ఆ తీగ మీదే ఇన్‌పుట్ గ్రౌండ్ కలిపితే గుక్కలన్నీ పాటలోకొస్తాయి. అందుకని ముందు కెపాసిటర్ల గ్రౌండ్లు కలిపి, అక్కడి నుంచి ఒక్క తీగ లాగి, దాని చివర స్టార్, అంటే గ్రౌండ్లన్నీ కలిసే ఒకే ఒక్క చోటు, పెట్టండి. ఇన్‌పుట్, స్పీకర్, బోర్డు గ్రౌండ్లు అక్కడికి విడివిడిగా రావాలి. స్టార్ నుంచి డబ్బాకి ఒకే ఒక్క తీగ. ఆకుపచ్చ తీగకి మాత్రం రెసిస్టర్ గానీ మరేదీ గానీ అడ్డం పెట్టకూడదు.

ఇదంతా ఇప్పుడే వద్దనుకుంటే, 100 నుంచి 240 దాకా తీసుకునే 24 వోల్టుల అడాప్టర్ ఒకటి, టీపీఏ3116 అనే ఆంప్లిఫయర్ చిప్ ఉన్న బోర్డు ఒకటి కొనండి. ఆ చిప్ 26 వోల్టుల దాకా తట్టుకుంటుంది, మెయిన్స్‌తో మీకు పనే ఉండదు.

ట్రాన్స్‌ఫార్మర్‌తోనే కడితే మొదటిసారి సిరీస్ బల్బుతో, అంటే ఫేజ్ తీగలో సెట్‌కి ముందు ఒక బల్బు వరసగా కలిపి, ఆన్ చెయ్యండి. ఎల్‌ఈడీ బల్బు దీనికి పనికిరాదు. పాతరకం బల్బులు ఇక్కడి షాపుల్లో దాదాపు కనపడవు గానీ, ఓవెన్‌లో పెట్టే 40 వాట్ల ఫిలమెంట్ బల్బు దొరుకుతుంది. చిన్న కిట్టుకి అది చాలు. ఒక్క క్షణం వెలిగి మసకబారితే స్పీకర్ కలపండి. వెలుగుతూనే ఉంటే ప్లగ్ పీకి, మళ్లీ రెక్టిఫయర్ దగ్గర నుంచి చూసుకుంటూ రండి.