మోటారు బిగించిన సైకిలు ఎత్తులో ఆగిపోతోందా? కొత్త బ్యాటరీ కొనకముందు చూడవలసినవి

మామూలు సైకిలుకు హబ్ మోటారు (చక్రం మధ్యలో ఉండే మోటారు), కంట్రోలరు (బ్యాటరీ నుంచి మోటారుకు వెళ్లే కరెంటును అదుపు చేసే పెట్టె), బ్యాటరీ బిగించుకున్నవారు నా దగ్గరకు మరమ్మతుకు వచ్చినప్పుడు మొదట చెప్పే మాట "బ్యాటరీ పోయింది" అన్నదే. విప్పి చూస్తే చాలాసార్లు బ్యాటరీ నిక్షేపంగా ఉంటుంది. పర్లాకిమిడిలోనూ, కాశీనగర్, గుణుపురం వైపు పల్లెల్లోనూ, సరిహద్దుకు అవతలి పాతపట్నంలోనూ ఈ బండ్లను నమ్ముకున్నవారు ఎక్కువగా పాలు పోసేవారు, కూరగాయలు అమ్మేవారు, రాత్రి కాపలాకు వెళ్లేవారు, మోకాళ్ల నొప్పులతో తొక్కలేని పెద్దవారు. 36 వోల్టుల, 10 ఆంపియర్-అవర్ల బ్యాటరీ పూర్తిగా నిండడానికి అర యూనిట్ కరెంటు కూడా పట్టదు కాబట్టి, వారికి ఇంతకంటే చవకైన ప్రయాణం లేదు.

అయితే ఊరు ఈ బండిని చూసే చూపు వేరు. మోటారు సైకిలు నడిరోడ్డు మీద ఆగితే యంత్రం అన్నాక ఆగుతుందని సరిపెట్టుకుంటారు. మోటారు పెట్టిన సైకిలు ఆగితే మాత్రం తప్పు మనిషి మీదకు వస్తుంది. బండి కొనలేనివాడికి ఈ సోకెందుకని ముఖం మీదే అంటారు. 1972లో మార్కెట్‌లోకి వచ్చిన లూనా మోపెడ్‌కూ పెడళ్లు ఉండేవి, దాని మీద ఉద్యోగాలకు వెళ్లిన పెద్దలే ఇప్పుడు దీనిని చూసి నవ్వడం నాకు బాధ కలిగిస్తుంది. నలుగురిలో రెండుసార్లు ఆగిన బండిని మూడోసారి బయటకు తీయడానికి యజమాని వెనుకాడతాడు, చివరకు దానిని పాత ఇనుము వాడికి వేసేస్తాడు. అందుకే లోపాన్ని సరిగ్గా గుర్తించడం డబ్బు ఒక్కదానికే సంబంధించిన విషయం కాదు.

మోటారు అసలు కదలడం లేదు

తాళం వేస్తే దీపం వెలుగుతుంది, ఎక్సలేటరు తిప్పితే చలనం ఉండదు. ఇలాంటప్పుడు అందరూ కంట్రోలరు కొనడానికి సిద్ధపడతారు గానీ బ్రేకు పిడిని ఎవరూ చూడరు. ఈ కిట్లలో బ్రేకు పిడి లోపల ఒక చిన్న స్విచ్చు ఉంటుంది. పిడి నొక్కగానే అది మోటారుకు కరెంటు ఆపేస్తుంది. దుమ్ము చేరినా, వాన నీరు దిగినా, బండి పడి పిడి కొద్దిగా వంగినా స్విచ్చు నొక్కుకుపోయి ఉండిపోతుంది, బ్రేకు వేసే ఉన్నదని కంట్రోలరు అనుకుంటుంది. రెండు పిడుల నుంచి వచ్చే సన్న తీగల కనెక్టర్లను విప్పి, చక్రం పైకి లేపి, ఎక్సలేటరు కొద్దిగా తిప్పండి. చక్రం తిరిగితే లోపం అక్కడే ఉన్నట్టు. స్విచ్చును శుభ్రం చేయండి, లేదా పిడిని మార్చండి. తీగలను శాశ్వతంగా విప్పి వదిలేయకండి, ఎందుకంటే ఎక్సలేటరు ఇరుక్కున్న రోజున ప్రాణం కాపాడేది ఆ స్విచ్చే.

దూరం తగ్గిపోయింది

గాలి చూడండి. తరువాత చక్రాన్ని చేత్తో తిప్పి, బ్రేకు రబ్బరు రిమ్మును రాసుకుంటున్నదేమో చూడండి. ఈ రెండూ సరిగ్గా ఉండి, బ్యాటరీ వయసు మూడు నాలుగేళ్లు దాటితే అప్పుడు బ్యాటరీని అనుమానించవచ్చు.

చదునులో బాగానే పోతుంది, ఎత్తులోనూ బరువుతోనూ ఆగిపోతుంది

ఈ లక్షణం గురించి నేను వివరంగా చెప్పాలి, ఎందుకంటే దీని వల్ల ఒక మనిషి డబ్బు నా చేతుల మీదుగా వృథా అయింది. బండి సమంగా ఉన్న రోడ్డు మీద హాయిగా వెళుతుంది. వంతెన ఎక్కేటప్పుడో, క్యారియర్ మీద బస్తా ఉన్నప్పుడో ఒక్కసారిగా కరెంటు పోతుంది. తాళం ఆపి మళ్లీ వేస్తే ఏమీ జరగనట్టు నడుస్తుంది. మల్టీమీటరు (వోల్టులు కొలిచే మీటరు) పెట్టి చూస్తే బ్యాటరీ 40 వోల్టులు చూపిస్తుంది. ఇవన్నీ లోపలి సెల్లు బలహీనపడిన బ్యాటరీ లక్షణాలే కాబట్టి, అనుభవం ఉన్నవాడు కూడా బ్యాటరీనే తప్పుపడతాడు. నేనూ అదే చేశాను. కూరగాయలు అమ్మే ఒక పెద్దాయనకు "బాబాయ్, బ్యాటరీ మార్చక తప్పదు" అని చెప్పాను, ఆయన అప్పు చేసి కొత్తది తెచ్చుకున్నాడు. మూడు వారాలు బండి బాగా నడిచింది, ఆ తరువాత అదే వంతెన మీద అదే విధంగా ఆగిపోయింది. లోపం బ్యాటరీకీ కంట్రోలరుకూ మధ్య, సీటు కింద టేపు చుట్టి దాచిన ఫ్యూజు గూటిలో ఉంది. లోపలి స్ప్రింగు రేకు వదులై, నల్లబడి, ప్లాస్టిక్ ఒకవైపు కరిగి ఉంది.

కొత్త బ్యాటరీతో మూడు వారాలు ఎందుకు నడిచిందన్నదే ఇందులోని మోసం. బ్యాటరీ మార్చడానికి కనెక్టర్లను, ఫ్యూజును పీకి మళ్లీ పెట్టాను. ఆ రాపిడికి లోహం మీద పట్టిన పొర కొంత గీసుకుపోయి, పట్టు తాత్కాలికంగా బిగిసింది. నయం చేసింది కొత్త బ్యాటరీయే అని నేనూ నమ్మాను, ఆయనా నమ్మాడు. అందుకే భాగం మార్చగానే బండి నడిస్తే మార్చిన భాగమే దోషి అని తీర్మానించకండి; పాత బ్యాటరీనే ఒకసారి తిరిగి తగిలించి, అదే ఎత్తు ఎక్కించి చూడండి.

జరిగేది ఏమిటంటే, వదులైన పట్టు దగ్గర అర ఓము నిరోధం చేరిందనుకుందాం. చదునులో 3 ఆంపియర్లు పోతున్నప్పుడు అక్కడ పోయేది ఒకటిన్నర వోల్టు, అది ఎవరికీ తెలియదు. ఎత్తులో 12 ఆంపియర్లు లాగినప్పుడు 6 వోల్టులు పోతాయి. బ్యాటరీ దగ్గర 37 వోల్టులు ఉన్నా కంట్రోలరుకు అందేవి 31 మాత్రమే. 36 వోల్టుల కంట్రోలర్లలో ఎక్కువ భాగం ఇంచుమించు ఆ దగ్గరలోనే బ్యాటరీ ఖాళీ అయిందనుకుని ఆపేస్తాయి. పోయిన ఆ 6 వోల్టులు ఆ చిన్న చోటనే 72 వాట్ల వేడిగా మారతాయి. టంకం వేయడానికి మనం వాడే ఇనుము సాధారణంగా 25 వాట్లదని గుర్తు చేసుకుంటే ప్లాస్టిక్ ఎందుకు కరిగిందో అర్థమవుతుంది.

మల్టీమీటరు ఇక్కడ రెండు విధాలుగా తప్పుదారి పట్టిస్తుంది. బండి నిలబడి ఉన్నప్పుడు కరెంటు పారదు కాబట్టి ఎంత చెడిన పట్టు గుండానైనా పూర్తి వోల్టేజి కనిపిస్తుంది. ఇక తీగ తెగిందో లేదో బీప్ శబ్దంతో చూసేవారి విషయానికొస్తే, పదుల ఓముల నిరోధం ఉన్నా చాలా మీటర్లు బీప్ అంటాయి, అర ఓము లోపాన్ని అవి పట్టుకోలేవు. స్టాండు వేసి చక్రాన్ని గాలిలో తిప్పినా ప్రయోజనం లేదు, బరువు లేని చక్రం లాగే కరెంటు బహు స్వల్పం. పరీక్ష బరువు మీదనే జరగాలి.

నేను ఇప్పుడు చేసే పద్ధతి ఇది. మీటరును హ్యాండిలుకు కట్టి, పొడవైన సన్న తీగలతో ముందుగా బ్యాటరీ కొసల దగ్గర కలుపుతాను. తీగల కొసలు ఒకదానికొకటి తగలకుండా టేపు చుట్టడం తప్పనిసరి. రద్దీ లేని వంతెన ఎత్తులో బండిని ఎక్కించి, ఆగిపోయే క్షణంలో అంకె చూస్తాను. వీలైతే ఆ అంకె చూడడానికి వెనుక మరొకరిని కూర్చోబెట్టుకోవడం మంచిది, బరువు కూడా కలిసివస్తుంది. తరువాత అవే తీగలను కంట్రోలరులోకి కరెంటు వెళ్లే చోట కలిపి, అదే ఎత్తు మళ్లీ ఎక్కుతాను. రెండు చోట్లా 31 దగ్గరకు పడిపోతే బ్యాటరీ నిజంగానే బలహీనపడింది. బ్యాటరీ దగ్గర 37 నిలిచి కంట్రోలరు దగ్గర 31 కనిపిస్తే బ్యాటరీకి ఏ దోషమూ లేదు, దారిలో ఎక్కడో కరెంటు కాలిపోతోంది. మీటరు లేనివారు ఎత్తు ఎక్కి దిగిన వెంటనే బండి ఆపి, తాళం తీసి, ప్రతి కనెక్టరునూ ఫ్యూజు గూటినీ పైపైన వేలితో తాకి చూడండి. మిగిలినవాటికంటే ఒకటి వేడిగా ఉంటే దొంగ అదే.

మన వైపు బిగించిన బండ్లలో తాళం స్విచ్చును కూడా తప్పక తాకండి. కిట్టుతో వచ్చిన తీగల ప్రకారం తాళం గుండా పోవలసింది కంట్రోలరును మేల్కొలిపే సన్నని కరెంటు మాత్రమే. తీగ పొదుపు చేయడానికో, తెలియకనో కొందరు మోటారు కరెంటు మొత్తాన్నీ తాళం గుండా పంపిస్తారు, ఆ చిన్న స్విచ్చు అంత కరెంటును మోయలేదు.

కాలిన కనెక్టరును గరుకు కాగితంతో రుద్ది మళ్లీ పెడితే అది మరో నెల మాత్రమే నడుస్తుంది. వేడికి స్ప్రింగు రేకు సత్తువ పోయి ఉంటుంది కాబట్టి దానిని కోసి తీసేయాలి. నల్లబడిన తీగను మెరిసే రాగి కనిపించేదాకా వెనక్కు కోసి, ఎక్స్‌టీ60 వంటి బలమైన కనెక్టరుకు టంకం వేసి, పైన వేడికి కుంచించుకుపోయే ప్లాస్టిక్ గొట్టం తొడగండి. ఫ్యూజు గూడు కొత్తది వేయండి, ఫ్యూజు మాత్రం పాత ఆంపియర్లదే ఉండాలి. ఫ్యూజు స్థానంలో రాగి తీగ చుట్టిన బండిని నేను ముట్టుకోను, ముందుగా ఆ తీగ తీయించిన తరువాతనే పని మొదలుపెడతాను. లిథియం బ్యాటరీ షార్టయితే ఇల్లు అంటుకుంటుంది. చివరగా, తీగ కనెక్టరులోకి పై నుంచి దిగకుండా, కింద చిన్న వంపు తిరిగి పైకి వచ్చేలా అమర్చితే వాన నీరు ఆ వంపు దగ్గరే కారిపోతుంది. కనెక్టర్లు చెడిన బండ్లు నా దగ్గరకు వానాకాలంలోనే ఎక్కువగా వస్తాయి.

మోటారు గరగరమంటుంది, కుదుపుతుంది

ఇరుసు నట్లు చూడండి. అవి వదులైతే ఇరుసే తిరిగి, దాని లోపలి నుంచి వచ్చే తీగలను మెలిపెట్టి కోసేస్తుంది. ఇరుసు తిరగకుండా పట్టి ఉంచే రేకు లేకుండా హబ్ మోటారు నడపకూడదు. తీగలు బాగుంటే మోటారు కనెక్టరులో తడి చేరిందేమో చూసి ఆరబెట్టండి.

తాళం తీసినా చక్రం బరువుగా, ఆగి ఆగి తిరుగుతుంటే మోటారు నుంచి వచ్చే మూడు లావు తీగలను విప్పండి. అప్పుడు తేలికగా తిరిగితే కంట్రోలరు పోయింది. మోటారు లోపల అయస్కాంతం ఊడడం వంటివి చాలా అరుదు, వాటి కోసం మోటారు విప్పకండి.

నంబరు ప్లేటు ఏదని ఆపుతున్నారు

ఇది యంత్రం లోపం కాకపోయినా, వారానికొకరు నన్ను దీని గురించే అడుగుతారు. కేంద్ర మోటారు వాహనాల నియమాలు, 1989 ప్రకారం మోటారు శక్తి 250 వాట్లకు, గరిష్ఠ వేగం గంటకు 25 కిలోమీటర్లకు లోపల ఉండి, బ్యాటరీ కాక బరువు 60 కిలోలు మించని రెండు చక్రాల బండి మోటారు వాహనం కిందకు రాదు, కానీ ఆ సంగతిని గుర్తింపు పొందిన పరీక్షా సంస్థ ధ్రువీకరించాలి. అందుచేత ధ్రువీకరణ ఉన్న కిట్టునే కొని, ఆ కాగితం నకలును, రసీదును ప్లాస్టిక్ సంచిలో పెట్టి బ్యాటరీ పెట్టెలోనే ఉంచండి. వేగం కోసం 350 వాట్ల మోటారు బిగించుకుంటే ఈ మినహాయింపు వర్తించదు. పెట్రోలు ఇంజను బిగించినవారికి హద్దు 25 సీసీ. మోటారు వాహనాల చట్టం, 1988 ప్రకారం అది దాటితే రిజిస్ట్రేషన్, లైసెన్సు రెండూ కావాలి. బజారులో దొరికే రెండు స్ట్రోకుల ఇంజను కిట్లు చాలావరకు ఆ హద్దుకు పైనే ఉంటాయి కాబట్టి, వాటిని బిగించమని వచ్చినవారిని నేను తిప్పి పంపిస్తాను.