బరువు తగ్గించే ఆపరేషన్‌కు ఆరోగ్య బీమా: దరఖాస్తు విధానం, కావలసిన కాగితాలు, ఖర్చు లెక్క

జీర్ణాశయాన్ని చిన్నది చేసే స్లీవ్, బైపాస్ లాంటి బేరియాట్రిక్ (బరువు తగ్గించే) ఆపరేషన్లకు బీమా రాదనుకుని చాలామంది అడగకుండానే ఊరుకుంటారు, లేదంటే అప్పు చేసి కట్టేస్తారు. ఒకప్పుడు అది నిజమే. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2019 సెప్టెంబరులో పాలసీల్లోని సాధారణ మినహాయింపులకు, అంటే బీమా చెల్లించని వాటికి, ఒకే భాష ఖరారు చేసింది. అందులో 06వ కోడ్ స్థూలకాయానికి సంబంధించినది. అక్కడున్న షరతులన్నీ తీరితే ఆపరేషన్ ఖర్చును ఆ మినహాయింపు కింద కొట్టేయడానికి వీల్లేదు. అర్హత ఉండి కూడా డబ్బు పోగొట్టుకునేది ఎక్కువగా కాగితాల దగ్గరే. ఆసుపత్రిలో చేరడానికి నెలల ముందు డాక్టరు చీటీ మీద ఏం రాసి ఉందన్న దాన్నిబట్టే క్లెయిమ్ తేలుతుంది.

ముందు పాలసీ పుస్తకం తీయండి

మినహాయింపుల పేజీలో 06 కోడ్ కింద నాలుగు షరతులు ఉంటాయి. ఆపరేషన్ డాక్టరు సలహా మీద జరగాలి. అది వైద్య ప్రమాణాలకు లోబడి ఉండాలి. వయసు 18 నిండాలి. నాలుగోది బీఎంఐ (ఎత్తును బట్టి బరువు ఎంతో చెప్పే అంకె): 40 లేదా అంతకు మించి ఉండాలి, లేదా 35 గానీ అంతకు మించి గానీ ఉండి, మామూలు పద్ధతుల్లో బరువు తగ్గే ప్రయత్నం విఫలమై, ఈ జబ్బుల్లో ఏదో ఒకటి ఉండాలి: స్థూలకాయం వల్ల గుండె కండరం దెబ్బతినడం, గుండె రక్తనాళాల జబ్బు, తీవ్రమైన స్లీప్ ఆప్నియా (నిద్రలో శ్వాస ఆగిపోతుండడం), అదుపులోకి రాని టైప్ 2 మధుమేహం.

ఈ జాబితాలో బీపీ, పీసీఓడీ, ఫ్యాటీ లివర్, మోకాళ్ల నొప్పులు లేవు. బీఎంఐ 37 ఉండి, బీపీ, కీళ్ల నొప్పులు మాత్రమే ఉన్నవారి దరఖాస్తు ఇక్కడే ఆగిపోతుంది. పైగా మనలాంటి ఆసియా వాసులకు తక్కువ బరువుకే జబ్బులు మొదలవుతాయి కాబట్టి, మన సర్జన్లు చాలాకాలంగా 37.5నే హద్దుగా పాటిస్తున్నారు, జబ్బులుంటే 32.5. అందుకే సర్జన్ “మీకు ఆపరేషన్ అవసరం” అన్నంత మాత్రాన బీమా వస్తుందని అర్థం కాదు. కౌన్సెలింగ్‌లో “ఇన్సూరెన్స్ అయిపోతుందండీ” అని నోటిమాటగా చెబితే దాన్ని నమ్మి అడ్వాన్సు కట్టకండి.

ఆ తర్వాత వెయిటింగ్ పీరియడ్, అంటే పాలసీ తీసుకున్నాక క్లెయిమ్‌కు ఆగాల్సిన కాలం, చూడండి. చాలా పాలసీలు బేరియాట్రిక్ ఆపరేషన్‌ను 24 లేదా 36 నెలల జాబితాలో పెడతాయి. ముందునుంచీ ఉన్న జబ్బులకు గరిష్ఠ గడువును 2024 ఏప్రిల్ నుంచి 48 నెలల నుంచి 36కు తగ్గించారు. కంపెనీ మారినా గడిచిన కాలం, పాత బీమా మొత్తం మేరకు, కలిసి వస్తుంది. ఉద్యోగం ద్వారా వచ్చే గ్రూప్ పాలసీల్లో సాధారణంగా వెయిటింగ్ ఉండదు. కానీ కొన్నింట్లో ఈ ఆపరేషన్‌కు విడిగా పరిమితి పెడతారు. హెచ్ఆర్‌కు మెయిల్ పెట్టి, జవాబు రాతలో తెప్పించుకోండి.

బీఎంఐ: ఒక్క సెంటీమీటరు చాలు

కిలోల్లో బరువును, మీటర్లలో ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చేది బీఎంఐ. 155 సెంటీమీటర్ల ఎత్తుకు 40 అంటే 96.1 కిలోలు, 35 అంటే 84.1. 165కు ఇవి 108.9, 95.3.

ఇప్పుడు 155 సెంటీమీటర్ల ఎత్తు, 96 కిలోల బరువు ఉన్న మనిషిని తీసుకోండి. బీఎంఐ 39.96. టీపీఏ (బీమా కంపెనీ తరఫున క్లెయిములు చూసే సంస్థ) దాన్ని 40గా సర్దాల్సిన పనిలేదు. చెప్పులతో కొలిచి 156 అని రాస్తే 39.45కు పడిపోతుంది. కాబట్టి చెప్పులు విప్పి, గోడకు ఆనుకుని, ఆసుపత్రి కొలబద్దతోనే ఎత్తు కొలిపించుకోండి. ఒక చీటీలో 155, మరో దాంట్లో 158 ఉంటే తప్పకుండా క్వెరీ (వివరణ అడిగే ప్రశ్న) వస్తుంది.

ఇంతకంటే పెద్ద చిక్కు ఇంకొకటి ఉంది. కాలేయం కుదించడానికి ఆపరేషన్‌కు ముందు సుమారు రెండు వారాలు తక్కువ కేలరీల ద్రవాహారం ఇస్తారు. ఆ రెండు వారాల్లో నాలుగైదు కిలోలు తగ్గి, చేరే రోజుకు బీఎంఐ 40 కిందికి రావచ్చు. అడ్మిషన్ కాగితంలో ఆ బరువొక్కటే కనిపిస్తే క్లెయిమ్ ఇరుక్కుంటుంది. డైట్ మొదలుపెట్టకముందే బరువు, ఎత్తు, బీఎంఐ, తేదీ డాక్టరు సంతకంతో రాయించుకోండి. ప్రీఆథరైజేషన్ (కంపెనీ ముందస్తు అనుమతి) ఫారంలో, డిశ్చార్జ్ సమ్మరీలో ఆ బరువు, చేరిన రోజు బరువు రెండూ ఉండాలి. మధ్యలో ద్రవాహారం ఇచ్చిన సంగతీ రాయాలి. కుదిరితే డైట్ మొదలయ్యేలోపే ప్రీఆథరైజేషన్ పంపమని అడగండి.

ఫైలులో ఉండాల్సినవి

ఆధార్, పాన్, హెల్త్ కార్డు, పాలసీ కాపీ ఎలాగూ అడుగుతారు. అసలు భారమంతా వైద్య పత్రాల మీదే ఉంటుంది. ఎందుకీ ఆపరేషన్ చేయాల్సి వస్తుందో వివరిస్తూ సర్జన్ లెటర్‌హెడ్ మీద ఒక లేఖ ఉండాలి. 35 నుంచి 40 మధ్య ఉన్నవారికి “ప్రయత్నించి విఫలమయ్యారు” అన్న రుజువు కీలకం. డైటీషియన్ దగ్గరకు వెళ్లిన తేదీలు, ఇచ్చిన ఆహార పట్టిక, ప్రతిసారీ తూచిన బరువు, వాడిన మందుల చీటీలు దాచండి. ఒక్క రోజులో రాయించిన ఒక్క కాగితం కంటే, నెలల తరబడి వేర్వేరు తేదీలున్న నాలుగు చీటీలకు విలువ ఎక్కువ.

మధుమేహం ఉంటే, మందులు వాడుతున్నా అదుపులో లేదని చూపే హెచ్‌బీఏ1సీ (సుమారు మూడు నెలల సగటు షుగర్) రిపోర్టులు కావాలి. ఒక్కటి సరిపోదు, పాతవీ కలపండి. స్లీప్ ఆప్నియాకు నిద్ర పరీక్ష రిపోర్టు ఉండాలి. గంటకు 30 లేదా అంతకు మించి శ్వాస అంతరాయాలుంటేనే దాన్ని తీవ్రం అంటారు. గురక వస్తుందని రాస్తే చాలదు. గుండె జబ్బుకు ఎకో, యాంజియోగ్రామ్ జత చేయాలి.

కేవలం పరీక్షల కోసం ఆసుపత్రిలో చేరితే 04వ మినహాయింపు కింద ఆ ఖర్చు రాదు. బయటే చేయించుకోండి. ఆపరేషన్‌కు ముందు 30 లేదా 60 రోజుల్లో, మీ పాలసీలో ఎంత ఉంటే అంత, చేయించిన పరీక్షల బిల్లులు తర్వాత రీయింబర్స్ అవుతాయి. అంతకు ముందువైతే డబ్బు రాదు గానీ, రిపోర్టు మాత్రం రుజువుగా పనికొస్తుంది.

క్యాష్‌లెస్ దరఖాస్తు

క్యాష్‌లెస్ అంటే బిల్లును కంపెనీయే నేరుగా ఆసుపత్రికి కట్టడం. నెట్‌వర్క్ ఆసుపత్రిలోని (కంపెనీతో ఒప్పందం ఉన్నది) ఇన్సూరెన్స్ డెస్క్ దగ్గర ప్రీఆథరైజేషన్ ఫారం ఇస్తారు. ముందే తేదీ కుదుర్చుకున్న ఆపరేషన్ కాబట్టి కనీసం 48 నుంచి 72 గంటల ముందు పంపాలి. ఈ ఆపరేషన్‌కు క్వెరీలు రావడం మామూలే, కాబట్టి వారం ముందే పంపిస్తే మేలు. మీ భాగం మీరు నింపాక మిగతాది డాక్టరు నింపుతారు. అది పంపేలోపు ఒకసారి చదవండి. చూడాల్సినవి మూడు: జబ్బు పేరు దగ్గర స్థూలకాయంతో పాటు అనుబంధ జబ్బు కూడా రాశారా, బీఎంఐ అంకె మీ చీటీలతో సరిపోతోందా, “ఎన్నాళ్లుగా ఉంది” అన్న చోట ఏం రాశారు.

ఆ మూడోదే చాలామందిని ముంచేది. ఫారంలో పదేళ్లుగా షుగర్ ఉందని రాస్తారు. నాలుగేళ్ల కిందట పాలసీ తీసుకున్నప్పుడు షుగర్ లేదని టిక్ పెట్టి ఉంటారు. లేదా అప్పటికే వంద కిలోలున్నా ఏజెంటు 75 అని నింపి ఉంటాడు. నిజం దాచారన్న కారణంతో క్లెయిమ్ పోతుంది, పాలసీ కూడా రద్దు కావచ్చు. డాక్టరును తేదీ మార్చమని బతిమాలకండి. అది మోసం కిందికి వస్తుంది. ఎడతెగకుండా 60 నెలలు కట్టిన పాలసీలో, మోసం రుజువైతే తప్ప, వివరాలు చెప్పలేదన్న కారణంతో కంపెనీ తిరస్కరించకూడదు. కొత్తగా పాలసీ తీసుకునేవారు దరఖాస్తులో బరువు తామే రాయాలి.

2024 మే 29 నాటి ఐఆర్‌డీఏఐ మాస్టర్ సర్క్యులర్ ప్రకారం క్యాష్‌లెస్ అభ్యర్థనపై గంటలో, డిశ్చార్జ్ సమయంలో తుది అనుమతిపై మూడు గంటల్లో కంపెనీ నిర్ణయం చెప్పాలి. మూడు గంటలు దాటినందువల్ల ఆసుపత్రి అదనంగా ఏమైనా వేస్తే అది కంపెనీయే భరించాలి. మొదట వచ్చే అనుమతి తరచుగా పాక్షిక మొత్తానికే ఉంటుంది. దాన్ని చూసి కంగారు పడొద్దు, తుది బిల్లుతో మళ్లీ పంపుతారు.

ఖర్చు ఎక్కడ పెరుగుతుంది

హైదరాబాద్ కార్పొరేట్ ఆసుపత్రుల్లో స్లీవ్‌కు సుమారు 3 నుంచి 5 లక్షల రూపాయలు, బైపాస్‌కు ఇంకొంత ఎక్కువ అవుతుంది. ఇందులో పెద్ద వాటా స్టేప్లర్లది. స్లీవ్‌లో జీర్ణాశయంలో ముప్పాతిక వంతుకు పైగా కత్తిరించి తీసేస్తారు. కోస్తూ కుట్టేసే ఆ స్టేప్లర్‌కు ఒక్కో ఆపరేషన్‌లో ఐదారు కార్ట్రిడ్జ్‌లు పడతాయి. ఒక్కోదానికీ వేలల్లో ధర. రోబోతో చేస్తే ఖర్చు పెరుగుతుంది, పైగా రోబోటిక్ సర్జరీకి కొన్ని పాలసీల్లో విడిగా పరిమితి ఉంటుంది.

గది విషయంలో జాగ్రత్త. పాలసీలో రోజుకు 5,000 రూపాయల పరిమితి ఉండగా 8,000 గదిలో చేరితే, తేడా 3,000తో పోదు. సర్జన్, మత్తు డాక్టరు, ఆపరేషన్ థియేటర్, నర్సింగ్ చార్జీల్లోనూ అదే నిష్పత్తిలో కోస్తారు. అవన్నీ కలిపి 1,60,000 అయితే లక్షే వస్తుంది. మందులు, సర్జికల్ సామగ్రి, పరీక్షల మీద మాత్రం ఈ కోత వేయకూడదని నిబంధన. స్టేప్లర్లు ఇందులోకే వస్తాయి. బిల్లు మొత్తం ఒకే ప్యాకేజీగా వేస్తే ఏది ఏమిటో విడదీయలేక అంతటికీ కోత పడే ప్రమాదం ఉంది. అందుకని విడివిడి పద్దులతో బిల్లు, కార్ట్రిడ్జ్‌ల స్టిక్కర్లు, ఇన్వాయిస్ అడిగి తీసుకోండి.

డిశ్చార్జ్ తర్వాత 60 లేదా 90 రోజుల మందులు, పరీక్షల ఖర్చు వస్తుంది. ఆ తర్వాత జీవితాంతం వాడాల్సిన బీ12, ఐరన్, కాల్షియం, డి విటమిన్ ఖర్చు మీదే. బరువు తగ్గాక వేలాడే చర్మాన్ని తీసే ఆపరేషన్‌ను సాధారణంగా అందం కోసం చేసేదిగా లెక్కగట్టి 08వ మినహాయింపులో వేస్తారు.

తిరస్కరిస్తే

క్యాష్‌లెస్ నిరాకరణ అంటే క్లెయిమ్ పోయినట్టు కాదు. డబ్బు కట్టి ఆపరేషన్ చేయించుకుని, ఒరిజినల్ బిల్లులతో రీయింబర్స్‌మెంట్‌కు పెట్టుకోవచ్చు. పాలసీలో రాసిన గడువు దాటనివ్వకండి. కంపెనీ సమీక్ష కమిటీ ఆమోదం లేకుండా క్లెయిమ్ తిరస్కరించకూడదు, ఏ షరతు కిందో రాతలో చెప్పాలి. ఆ లేఖ చేతికి వచ్చాకే తర్వాతి అడుగు వేయండి.

ముందు కంపెనీ ఫిర్యాదుల అధికారికి, షరతుకు ఎదురుగా మీ రుజువు ఏమిటో చూపిస్తూ రాయండి. జవాబు సరిగ్గా లేకుంటే బీమా భరోసా పోర్టల్‌లో గానీ, 155255 నంబరుకు గానీ ఫిర్యాదు చేయండి. అక్కడా తేలకపోతే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ ఉన్నారు. రెండు తెలుగు రాష్ట్రాలకూ కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉంది. ఆన్‌లైన్‌లోనూ దరఖాస్తు చేసుకోవచ్చు. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. 50 లక్షల రూపాయల వరకు తగాదాలు వింటారు. కంపెనీకి రాసి నెల గడిచినా జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా ఏడాదిలోపు వెళ్లాలి. అదే విషయం మీద అప్పటికే వినియోగదారుల కమిషన్‌లో కేసు వేసి ఉంటే అంబుడ్స్‌మన్ తీసుకోరు, కాబట్టి ముందు ఇక్కడికే వెళ్లండి. మీకు అనుకూలంగా ఆదేశం వస్తే కంపెనీ 30 రోజుల్లో అమలు చేయాలి. రాకపోతే అప్పుడు వినియోగదారుల కమిషన్‌కు వెళ్లే దారి తెరిచే ఉంటుంది.