ఫారెస్టర్ డిఫరెన్షియల్‌లో ఏ ఆయిల్ పోయాలి?

ముందు కారు మాన్యువల్ తెరవండి, షాపువాళ్ల సలహా ఆ తర్వాతే. సీవీటీ అనే ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఉన్న మా సుబారు ఫారెస్టర్ కారుకి ముందు, వెనక డిఫరెన్షియళ్లు (ఇంజిన్ శక్తిని చక్రాలకి పంచే గేర్ల పెట్టెలు) రెంటికీ జీఎల్-5 రకం (ఒత్తిడిని ఎంత తట్టుకుంటుందో చెప్పే గ్రేడు) 75డబ్ల్యూ-90 గేర్ ఆయిల్ పోస్తాను. వెనకదానికి దాదాపు 0.8 లీటరు పడుతుంది.

డబ్బా మీద 75డబ్ల్యూ ఉందా లేదా చూడటం మానకండి. అది మైనస్ 40 డిగ్రీల చలిలోనూ పారుతుంది, 80డబ్ల్యూకి పరీక్ష మైనస్ 26 దగ్గరే. అమెరికాలోని మిన్నెసోటాలో జనవరి పొద్దున కారు తీసేవాళ్లకి ఈ తేడా చాలా పెద్దది.

జీఎల్-4 వద్దు. ఇక్కడి గేర్ల పళ్లు ఒకదాన్నొకటి గట్టిగా నొక్కుతూ జారుతాయి, ఆ ఒత్తిడిని తట్టుకునే గంధకం, ఫాస్ఫరస్ మందులు జీఎల్-5లోనే ఎక్కువ. లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ (ఒక చక్రమే ఊరికే తిరిగిపోకుండా ఆపేది) ఉన్న కారైతే దానికి తగ్గ ఆయిలే కొనండి.

ఇక అసలు జాగ్రత్త: ముందు డిఫరెన్షియల్ ప్లగ్ అనుకుని సీవీటీ ప్లగ్ విప్పేస్తుంటారు. మాన్యువల్ బొమ్మతో పోల్చి చూశాకే పానా పెట్టండి. వెనకదానికి ఆయిల్ పోసే పై ప్లగ్ ముందు విప్పండి. అది బిగుసుకుపోయి ఉంటే, ఆయిల్ దించేశాక కొత్తది పోసే దారే ఉండదు. కారు సమంగా ఉంచి, ఆ రంధ్రం అంచు నుంచి కారేదాకా పోయండి. ప్లగ్ అయస్కాంతానికి బూడిదరంగు మెత్తటి ముద్ద అంటుకుంటే టెన్షన్ వద్దు, లోహపు ముక్కలు కనిపిస్తే మాత్రం మెకానిక్‌కి చూపించండి.